వైద్య, జంతుశాస్త్ర పదములు – వాని పుట్టుపూర్వోత్తరములు

జంతుశాస్త్ర పరీక్ష సమీపించిన దినములలో విద్యార్థులు వరండాలలో అటునిటు తిరుగుచు, కనులు మూసికొని, ఒకే మాటను పదిమార్లు వల్లెవేయుచుండుట మనము ప్రతి సంవత్సరము చూచుచున్నదే. ఆ మాటలలో పెక్కింటి అర్థము వారికి తెలియదు. తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవాడు "ఇవి ఇంగ్లీషు మాటలు, మనకు రావు" అని దిగులుపడును. ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చినవాడును అదే దిగులుతో అతని ప్రక్కన కూర్చుండును. ఇరువురి భయమునకును మూలము ఒక పొరపాటు. ఆ మాటలు ఇంగ్లీషువి కావు. లండనులో పుట్టిన పిల్లవానికిని 'అరాక్నాయిడ్' అన్నది పరాయి మాటయే. అతడును వల్లెవేసియే దానిని నేర్చుకొనును. ఈ పదములలో అధిక భాగము గ్రీకు, లాటిను భాషలనుండి వచ్చినవి. కొన్ని అరబ్బీనుండి పోయినవి. మరికొన్ని, మనము ఊహింపనివి, మన పల్లెలనుండియే పోయినవి. అట్టి కొన్నింటి పుట్టుకను, అర్థమును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. పదము ఎట్లు పుట్టినదో తెలుపునది వ్యుత్పత్తి. ఆ పదమును శాస్త్రము నేడు ఏ వస్తువునకు, ఏ హద్దులలో వాడుచున్నదో తెలుపునది నిర్వచనము. వ్యుత్పత్తి తెలిసినచో పదము జ్ఞాపకముండును. నిర్వచనము తెలిసినచో పదమును తప్పులేక వాడగలుగుదుము. ఒకటి తెలిసి రెండవది తెలియనివాడు ఎట్లు చిక్కుపడునో ముందు చూడగలము.

ఇంటి మాటలు ఉండగా శాస్త్రమునకు వేరు మాటలెందుకని కొందరు అడుగుదురు. దీనికి సిద్దిపేటలోనే సమాధానమున్నది. ఇక్కడి నేతచీరపై నెత్తిన కుండతో నిలిచిన గొల్లభామను ఎరుగనివారు లేరు. గొల్లభామ అను పురుగును కూడ అందరును ఎరుగుదురు. కాని ఏ పురుగు? కొందరు ముందరి కాళ్ళు జోడించి కదలక నిలుచు మాంటిస్‌ను ఆ పేర పిలుతురు. మరికొందరు గడ్డిలో దుముకు మిడత జాతి పురుగును పిలుతురు. ఇద్దరును తప్పు చెప్పుటలేదు. కాని ఇద్దరును ఒకే పురుగును గూర్చి మాట్లాడుట లేదు. మాంటిస్ అనగా గ్రీకున జోస్యము చెప్పువాడు. గ్రీకువానికి ఆ పురుగు ధ్యానమున ఉన్న జోస్యునివలె కనిపించినది. స్వీడను దేశీయుడగు లిన్నేయస్ ప్రతి ప్రాణికి ప్రజాతి నామము, జాతి నామము అను రెండు మాటల పేరు ఉండవలెనని ఏర్పాటు చేసెను. 1758లో వెలువడిన ఆయన గ్రంథపు పదవ ముద్రణమునుండియే జంతువుల శాస్త్రీయ నామములను లెక్కింతురు. మన ఇంటి పేరు, ఒంటి పేరు వంటిదే ఈ పద్ధతి. దీనిలో మనవారికి వింత ఏమియు లేదు.

ఇక మన ఊరి మాటకు వత్తము. మద్దూరు మొదలగు పల్లెలు పూర్వము వరంగల్లు జిల్లాలో ఉండి, 2016నుండి సిద్దిపేట జిల్లాలో చేరినవి. జిల్లా ఏదైనను, వరికుప్ప ఉన్నచోట పందికొక్కు ఉండకతప్పదు. పొలముగట్టున బొరియ త్రవ్వి, పండిన వెన్నులను కొరికి, లోపలి అరలలో దాచుకొను ఆ జంతువును తిట్టని రైతు లేడు. ఇంగ్లీషున దానిని 'బ్యాండికూట్' అందురు. ఈ మాట మన 'పందికొక్కు'నుండి పుట్టినదే. పంది వలె ముట్టెతో మన్ను త్రవ్వు ఎలుక కనుక పందికొక్కు. తూర్పు తీరమున తెలుగువారి నోట విన్న మాటను ఆంగ్లేయులు తమ నోటికి తగినట్లు మలచుకొనిరి. శాస్త్రజ్ఞులు దానిని మరల లాటిను వేషమున 'బ్యాండికోటా' అను ప్రజాతి నామముగా స్థిరపరచిరి. మన పొలములలో తిరుగు చిన్న పందికొక్కు పేరు బ్యాండికోటా బెంగాలెన్సిస్. ఇంటి పేరు తెలుగు, ఒంటి పేరు బెంగాలు!

కథ అంతటితో ముగియలేదు. ఆస్ట్రేలియాకు వలసపోయిన ఆంగ్లేయులు అచ్చట మూతి పొడవైన ఒక జంతువును చూచి, తాము ఇండియాలో నేర్చిన పేరే దానికిని పెట్టిరి. ఆ జంతువు ఎలుక కాదు. ఆడుది పిల్లలను పొట్టపై సంచిలో పెంచును, కంగారువలె. దానికిని మన పందికొక్కునకును చుట్టరికము మిక్కిలి దూరము. కావున 'బ్యాండికూట్ అనగా నేమి?' అని పరీక్షలో అడిగినచో, ఏ దేశపు బ్యాండికూట్ అని ఎదురు ప్రశ్న వేయవలసివచ్చును. రెండు మాటల లాటిను పేరు ఇట్టి చోటనే ఉపకరించును.

పందికొక్కు పేరు నోటి మాటగా పాకినది. కాని ఒక తెలుగు పాము పేరు పుస్తకము ద్వారా పోయినది, దానిని వ్రాసినవాని పేరును మనకు తెలియును. ఆయన స్కాట్లండు దేశపు వైద్యుడు ప్యాట్రిక్ రసెల్. ఆయన జీవితమును మన విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనదగును. ఏలయన అందులో పెక్కు సంవత్సరములు అరబ్బీ నేలపైనను, తరువాతి కొన్ని సంవత్సరములు తెలుగు నేలపైనను గడచినవి. సిరియాలోని హలబ్ నగరమున, ఇంగ్లీషువారు అలెప్పో అని వ్రాయుచోట, ఆంగ్ల వర్తకులకు వైద్యుడుగా ఆయన పెక్కు సంవత్సరములు ఉండెను. 1760నుండి 1762వరకు అచ్చట ప్లేగు చెలరేగినపుడు రోగులను పరిశీలించి, తరువాత ఆ వ్యాధిపై పెద్ద గ్రంథము వ్రాసెను. 1780 దశకమున సోదరుని వెంట విశాఖపట్టణము చేరి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమితుడయ్యెను.

ఆ రోజులలో పాముకాటు మరణములు కంపెనీవారిని కలవరపెట్టుచుండెను. ఏది విషసర్పము, ఏది కాదు అను నిశ్చయము దొరతనమువారికి లేదు. రసెల్ ఈ పనికి పూనుకొని, పాములను తెప్పించి, కోరలు పరిశీలించి, కోళ్ళపైనను కుక్కలపైనను కాటు ఫలితములను చూచి వ్రాసికొనెను. కోరమండల తీరపు పాములపై ఆయన గ్రంథము 1796లో లండనున రంగుల చిత్రములతో వెలువడినది. మనకు ముఖ్యమైనది ఇది: ఆయన పాములకు క్రొత్త పేర్లు కల్పించుటకు తొందరపడలేదు. వానిని పట్టి తెచ్చినవారు ఏమనిరో అదియే, తన చెవికి వినబడినట్లు, ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. పసుపు, నలుపు పట్టీలున్న ఒక పాము క్రింద 'బంగారం పామ' అని వ్రాసెను. అది మన బంగారు పాము. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ ఆ మాటనే తీసికొని, ఆ కుటుంబపు పాములకు 'బంగారస్' అను ప్రజాతి నామము పెట్టెను. నేడు ప్రపంచమున ఏ విశ్వవిద్యాలయమున కట్లపామును గూర్చి చదివినను ఈ పేరే చదువుదురు.

మన చేలలో కనబడు కట్లపాము శాస్త్రీయ నామము బంగారస్ సెరూలియస్. అది నీలి నిగ్గుగల నల్లని పాము. ఒంటిపై సన్నని తెల్లని కట్లు. బంగారు ఛాయ దానికి రవ్వంతయు లేదు. పచ్చని చుట్టము పేరు నల్లని పామునకు ఇంటి పేరుగా వచ్చినది. వ్యుత్పత్తినే నిర్వచనమని నమ్మినవాడు పసుపు రంగు పాముకొరకు వెదకుచు, కాలి క్రింది నల్లపామును చూడకుండును.

రసెల్ గ్రంథమున మరియొక పేరు 'కాటుక రేకుల పొడ'. వీపున కాటుక దిద్దిన రేకులవంటి పొడలు గొలుసువలె వరుసగా ఉన్న పాము అది. ఎంత అందమైన మాట! చిత్రకారుని కన్ను గలవాడెవడో పెట్టియుండును. శాస్త్రజ్ఞులు మాత్రము 1797లో దానికి రసెల్ పేరే పెట్టిరి. నేటికిని అది రసెల్స్ వైపర్. మనము రక్తపింజరి అందుము. ఈ మూడు పేర్లలో తెలుగు పేరులు రెండును మనకు పనికివచ్చు సంగతి చెప్పుచున్నవి. ఒకటి దానిని ఎట్లు గుర్తింపవలెనో చెప్పుచున్నది. రెండవది దాని కాటు రక్తమును ఏమి చేయునో సూచించుచున్నది. ఆ విషము వలన రక్తము గడ్డకట్టు శక్తి పోయి, చిగుళ్ళనుండి, గాయమునుండి రక్తము కారుచుండును. కట్లపాము విషము అట్లుకాదు. అది నరములనుండి కండరములకు పోవు ఆజ్ఞలను ఆపును. కాటు నొప్పి పెట్టదు, వాపు ఉండదు. మొదట కనురెప్పలు వాలును. తరువాత మాట ముద్దయగును. చివర ఊపిరి ఆగును.

ఈ ప్రాంతమున మేము ఎరిగిన ఒక రైతు వానకాలపు రాత్రి నేలపై చాప పరచుకొని నిదురించుచు, చెవి దగ్గర ఏదియో కుట్టినట్లయి లేచెను. దీపము తెచ్చి చూడగా సూది మొనంత గుర్తు. ఇంటివారు "జెర్రి కుట్టినది" అనిరి. జెర్రికి చేయు వైద్యమే చేసి పండుకొనబెట్టిరి. తెల్లవారుజామున అతని రెప్పలు తెరచుకొనలేదు. నీళ్ళు మ్రింగుడు పడలేదు. బండి కట్టించుకొని ఆసుపత్రి చేరి, కృత్రిమ శ్వాసపై కొన్ని దినములుండి, అతడు బ్రతికి బయటపడెను. కాని నాలుగు గంటల కాలము ఒక తప్పు పేరు క్రింద పోయినది. అతని అన్న ఇప్పటికిని అది జెర్రియే అని వాదించును.

నేడు మన దేశమున వాడు విషహరపు మందు తాచుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటికిని కలిపి చేసినది. గుర్రములకు కొద్దికొద్దిగా విషమెక్కించి, వాని రక్తరసమునుండి దీనిని తీయుదురు. కావున పామును వెదకి చంపి తెచ్చుటకు పొద్దు పుచ్చవలసిన పనిలేదు. రోగిని వెంటనే చేర్చుటయే పని. కళాశాల సంఘమువారికి ఈ సందర్భమున ఒక మనవి. జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఈ నాలుగు పాముల చిత్రములను తెలుగు, ఉర్దూ, లాటిను పేర్లతో వ్రాయించి గోడకు తగిలించినచో, అది పరీక్షకు మాత్రమే ఉపకరించు పటము కాదు.

విషమునకు విరుగుడును ఉర్దూలో 'తిర్యాఖ్' అందురు. ఈ మాట అరబ్బీ అని మనము తలతుము. కాని అరబ్బులకు అది గ్రీకునుండి వచ్చినది. 'థీరియోన్' అనగా గ్రీకున క్రూరమృగము. మృగముల, సర్పముల కాటునకు వాడు మందు 'థీరియాకే'. పూర్వులు పెక్కు మూలికలతో బాటు పాము మాంసమును కూడ చేర్చి దానిని చేసెడివారు. జంతువు పేరు మందునకు వచ్చినది. ఆ మందు పేరు బాగ్దాదు మీదుగా హైదరాబాదు చేరినది. లాటినున విషమునకు 'వెనేనం' అని పేరు. మొదట ఆ మాటకు వలపు మందు అని అర్థమట! వశీకరణమునకు ఇచ్చిన మందు చివరకు విషమగుట మన కథలలోను వినుచున్నదే.

ఉర్దూ వైద్యపదములలో గ్రీకు ఎంత దాగియున్నదో చూచినచో ఆశ్చర్యము కలుగును. అసలు 'యునానీ' అను పేరే అయోనియా అను గ్రీకు ప్రాంతపు పేరు. మన సంస్కృతమున 'యవన' అనునదియు అదియే. చార్మినారు ప్రక్కనున్న యునానీ ఆసుపత్రిలో హకీముగారు రోగితో 'బల్గం' అన్నప్పుడు ఆయన పలుకునది గ్రీకు 'ఫ్లెగ్మా'. కడుపులో మెలిపెట్టు నొప్పి 'ఖూలంజ్' అన్నది గ్రీకున 'కోలికోస్'. ఇంగ్లీషు వైద్యుడు దానినే కోలిక్ అనును. 'మాలీఖూలియా' అన్న మనోవ్యాధి గ్రీకు 'మెలంఖోలియా', అనగా నల్లని పిత్తము. చక్కెర వ్యాధికి ఉర్దూలో 'జియాబేతుస్' అందురు. ఇంగ్లీషు డయాబిటీస్‌కు అది సొంత తోబుట్టువు. గ్రీకున ఆ మాటకు దాటిపోవునది, గొట్టమువలె జారవిడుచునది అని భావము. త్రాగిన నీరు నిలువక పోవుచుండుటను చూచి ఆ పేరు పెట్టిరి. మనవారు దానిని రుచి వైపునుండి చూచి మధుమేహము అనిరి. పాశ్చాత్యులు తేనె అను అర్థముగల 'మెల్లిటస్' అను మాటను దానికి తోకగా చేర్చుకొనుటకు 17వ శతాబ్దివరకు పట్టినది.

కావున ఉర్దూ చదివిన విద్యార్థి వైద్యపదములముందు బెదరనక్కరలేదు. వానిలో సగము అతని ఇంటివే. తెలుగు విద్యార్థికి ఆ దగ్గరితనము మరియొక దారిని వచ్చును. మెదడును కప్పియున్న మూడు పొరల పేర్లను చూడుడు. అరబ్బు వైద్యులు దేహమున ఒకదానిని పోషించి కాపాడు మరియొకదానిని 'ఉమ్మ్' అనగా తల్లి అనెడివారు. పై గట్టి పొర గట్టి తల్లి, లోపలి పలుచని పొర సుతిమెత్తని తల్లి. 12వ శతాబ్దిలో ఆ గ్రంథములను లాటినులోనికి మార్చినవారు తల్లిని తల్లిగానే ఉంచి 'డ్యూరా మేటర్', 'పియా మేటర్' అనిరి. రెండవ దానిలో సుతిమెత్తని అన్న మాట కాస్త జారి, భక్తిగల తల్లి అయినది! మన తెలుగు పాఠ్యపుస్తకములలో ఇవి వరాశిక, మృద్వి. తల్లి పోయినది గాని మెత్తదనము నిలిచినది.

నడిమి పొర కథ ఇంకను సొగసైనది. సన్నని పోగులు అల్లుకొనియుండుటచే గ్రీకు మాటతో దానిని అరాక్నాయిడ్, సాలెపురుగువంటిది, అనిరి. 'అన్కబూత్' అనగా అరబ్బీలో సాలెపురుగు. ఉర్దూలో ఆ పొర 'అన్కబూతియా'. 'లూత' అనగా సంస్కృతమున సాలెపురుగు. తెలుగు పుస్తకమున ఆ పొర లౌతికళ. మూడు భాషలలో మూడు పేర్లు; లోపల కూర్చున్నది ఒకే పురుగు. మనవారు దానిని సాలీడు అనుట దాని నేతపని చూచియే. గ్రీకు పురాణమున అరాక్నే కూడ మగ్గముముందు కూర్చున్న నేతగత్తెయే. మగ్గము చప్పుడు వినుచు పెరిగిన విద్యార్థికి ఈ పదమును వల్లెవేయవలసిన పనియుండునా?

ఈ పదములను మన భాషలలోనికి తెచ్చుటకు హైదరాబాదున జరిగిన కృషి చిన్నది కాదు. 1846లో ఇచ్చట స్థాపింపబడిన వైద్య పాఠశాలలో ఆరంభమున బోధన ఉర్దూలోనే జరిగినది. 1917లో 'దారుల్ తర్జుమా' అను అనువాద సంస్థ ఏర్పడినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి అధిపతి. మరుసటి సంవత్సరమున స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉన్నత విద్య అంతయు ఉర్దూలో చెప్పవలెనన్నచో వేలకొలది పదములు కావలసియుండెను. అచ్చట పండితులలో ఒక వాదము చెలరేగినది. క్రొత్త పదములన్నియు అరబ్బీ ధాతువులనుండియే చేయవలెనా, లేక వాడుకలోనున్న దేశీయ పదములను జోడించియు చేయవచ్చునా? వహీదుద్దీన్ సలీం 1921లో వెలువరించిన 'వజె ఇస్తిలాహాత్' అను గ్రంథమున రెండవ పక్షమును గట్టిగా సమర్థించెను. దేశీయ పదములను జోడించినచో ఎంత తేటయైన మాట పుట్టునో ఉర్దూలోని 'జల్‌థలియా' చూపును. నీటను నేలను బ్రతుకు కప్పవంటి ప్రాణి అది. జలము, స్థలము అను మాటలెరిగిన తెలుగువానికి దాని అర్థము చెప్పనక్కరలేదు. గ్రీకున 'ఆంఫీబియా' అనగా రెండు జీవనములు కలది; తెలుగున ఉభయచరము.

తెలుగున ఈ కృషికి హైదరాబాదుననే 1906లో నెలకొన్న విజ్ఞానచంద్రికా మండలి దారి తీసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారి పూనికతో శాస్త్రగ్రంథములు తెలుగున వెలువడినవి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాలల పాఠ్యపుస్తకములను, పారిభాషిక పదకోశములను సిద్ధపరచినది. క్షీరదము, సరీసృపము, సకశేరుకము మొదలగునవి మనకు నోటికి వచ్చినవి. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఇంగ్లీషు రాగా, దారుల్ తర్జుమా పదములు పెక్కు పుస్తకముల అరలలోనే ఉండిపోయినవి. ఈ పదకోశముల విషయమున మాకు ఒక అసంతృప్తి కలదు. మన పండితులు సంస్కృతమువైపు, ఉర్దూ పండితులు అరబ్బీవైపు చూచినంతగా, పొలమువైపు చూడలేదు. రసెల్ చేసిన పని వారు చేయలేదు.

పొలము మాటలో ఎంత జ్ఞానమున్నదో కలివికోడి చెప్పును. ఇది రాయలసీమ పొదలలో రాత్రి తిరుగు పక్షి. 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. ఇంగ్లీషున దానికి జెర్డన్ అను వైద్యుని పేరు. లాటినున 'బైటార్క్వేటస్', అనగా మెడలో రెండు పట్టెలు కలది. 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదనియే గ్రంథములు వ్రాసినవి. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మరల దొరికినది. దొరికించినది ఆ పక్షిని ఎరిగిన స్థానికుల సాయమే. కలివి పొదలలో తిరుగు కోడి అని వారి మాట. ఇంగ్లీషు పేరు ఎవరు చూచిరో చెప్పును. లాటిను పేరు ఎట్లుండునో చెప్పును. ఎచ్చట వెదకవలెనో తెలుగు పేరే చెప్పును.

ఇక పదము మోసగించు తీరును గూర్చి కొంత చెప్పవలెను. 'హీమోఫీలియా'కు అక్షరార్థము రక్తముపై ప్రీతి. పరీక్షలో ఒకడు ఆ విధముగనే వ్రాసి సున్న తెచ్చుకొనెను. రక్తము సరిగా గడ్డకట్టని వంశపారంపర్య వ్యాధి అన్నది నిర్వచనము. ఇంగ్లీషు 'ఆర్టరీ'ని గ్రీకులు గాలి గొట్టమని తలచిరి. మృతదేహములలో అవి ఖాళీగా కనబడుటయే కారణము. మన 'ధమని' అను మాటయు ఊదుట అను ధాతువునుండి పుట్టినదే. రెండు నాగరికతలును తమ మాటలో గాలిని ఉంచినవి. ఊపిరితిత్తుల గుండా రక్తము పోవు దారిని 13వ శతాబ్దిలో ఇబ్నున్నఫీస్ వ్రాసెను. 1628లో హార్వే దేహమంతట రక్త ప్రసరణమును నిరూపించెను. మాట మారలేదు, నిర్వచనము మారినది. గుండెనుండి రక్తమును కొనిపోవు నాళము ధమని.

'మలేరియా' అయితే ఇటలీ భాషలో చెడ్డ గాలి. ఆ పేరు నమ్మి జనులు తరతరములు రాత్రి గాలికి కిటికీలు మూసికొనిరి. కిటికీ మూసినచో దోమ కొంత తగ్గును గాన ఆ నమ్మకము బలపడియును ఉండవచ్చును! 1880లో లావరాన్ రోగి రక్తమున పరాన్నజీవిని చూచెను. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో దానిని కనుగొనెను. ఆ దోమ అనాఫిలిస్. గ్రీకున 'ప్రయోజనము లేనిది'. ఇంత ఖచ్చితమైన పేరు మరియొకటి లేదు.

చివరకు ఒక పురుగు. పూర్వము మన పల్లెలలో దిగుడు బావిలో మోకాలి లోతున నిలిచి నీరు ముంచుకొనెడివారు. ఆ నీటిలో సైక్లోప్స్ అను కంటికి ఆనీ ఆనని ప్రాణి ఉండును. గ్రీకు పురాణపు ఒంటికంటి రాక్షసుని పేరు దానికి పెట్టిరి. దాని కడుపులో మరియొక పురుగు పిల్ల. ఆ నీరు త్రాగినవానికి సుమారు ఒక సంవత్సరమునకు కాలిపై మండుచు పొక్కు లేచి, పగిలి, అందుండి మీటరు పొడవువరకు ఉన్న తెల్లని దారమువంటి ఆడుపురుగు తల చూపును. మంట చల్లార్చుకొనుటకు అతడు మరల బావిలో దిగును. పురుగు తన పిల్లలను నీటిలో విడుచును. త్రుంచినచో లోపల చీము పట్టును; అందుచే చిన్న పుల్లకు చుట్టి దినమునకు కొంచెముగా లాగెడివారు.

తెలుగున దీనికి నారికురుపు అని పేరు. నారి అనగా వింటి త్రాడు. సంస్కృత వైద్యులు స్నాయుకము, నరమువంటిది, అనిరి. పారసీకమున 'రిష్తా', అనగా దారము, ఉర్దూలో 'నారూ'. అరబ్బీలో 'ఇర్ఖె మదనీ', మదీనా నరము. ఇబ్నుసీనా దానిని విపులముగా వర్ణించెను. అది ప్రాణియా, చెడిన నరమా అన్న సందేహము శతాబ్దములు నడచినది. 'స్నాయువు', 'ఇర్ఖ్' అను మాటలలో ఆ సందేహమే గడ్డకట్టి మిగిలినది. పురుగు అని తేల్చిన తరువాత లాటినున 'డ్రాకంక్యులస్ మెడినెన్సిస్', మదీనా చిన్న నాగము, అయినది. ఐరోపా నావికులు గినీ తీరమున చూచి గినీ పురుగు అనిరి. ఎవరికి వారు వ్యాధిని ఇతరుల ఊరిపై వేసిరి. మనవారు మాత్రము దాని రూపమును చెప్పి ఊరుకొనిరి.

దానికి మందు లేదు, టీకా లేదు. గ్రుడ్డతో నీరు వడపోయుట, దిగుడు బావులకు గోడ కట్టి చేదబావులుగా మార్చుట, గొట్టపు బావులు వేయుట, సైక్లోప్స్‌ను చంపు మందు నీట కలుపుట – ఇవియే చేసిరి. 1980 దశకమున జాతీయ కార్యక్రమము మొదలైనది. భారతదేశమున చివరి రోగి 1996 జూలైలో రాజస్థానమున కనబడెను. 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశము దీనినుండి విముక్తమైనదని ధ్రువీకరించెను.

నేటి విద్యార్థి ఈ పురుగును గాజు సీసాలో తప్ప చూడడు. పేరు అడిగినచో లాటిను మాట చెప్పును. కాని ఇంటి అరుగుపై కూర్చున్న ముసలి తాత పంచె కొంచెము పైకి లాగినచో, పిక్కపై ముడుత పడిన పాత మచ్చ కనబడవచ్చును. అది ఏమని అడుగుడు. ఆయన డ్రాకంక్యులస్ అనడు. పుల్ల చుట్టినది ఎవరో, ఎన్ని దినములు పట్టినదో, ఆ యేడు నాట్లు ఎవరు వేసిరో చెప్పును.